ముక్కులో 22, గొంతులో 29.. వైరస్ తగ్గినట్టేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకు దగ్గు, జ్వరం. సోమవారం ముక్కు స్వాబ్‌తో చేసిన కోవిడ్ ఆర్‌టీపీసీఆర్‌లో సీటీ వాల్యూ 22 వచ్చింది, మర్నాడు ఇంకో ల్యాబ్‌లో గొంతు స్వాబ్‌కు 29. తగ్గిపోయినట్టేనా?
- ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అట్లా అనుకోవద్దమ్మా. సీటీ అంటే వైరస్ జాడ కనిపించేదాకా మెషిన్ ఎన్ని సైకిల్స్ (వైరస్ జన్యుపదార్థాన్ని కాపీ చేసే విడతలు) తిప్పాల్సి వచ్చిందన్న లెక్క, అంకె చిన్నదైతే వైరస్ ఎక్కువ, ఒక్కో సైకిల్‌కు ఆ కాపీలు దాదాపు రెట్టింపవుతాయి కాబట్టి మీ 7 తేడా కాగితం మీద వంద రెట్లకు పైనే. కానీ ముక్కు లోపల, గొంతులో, లాలాజలంలో, తెమడలో వైరస్ ఒకేలా ఉండదు. పైగా పుల్ల టాన్సిల్స్ దగ్గర గట్టిగా రాసిందా, నాలుకకు తగిలి బయటికొచ్చిందా అన్నదానికే అంకె మారిపోతుంది. కిట్లూ వేరే. సీటీ అంకెను బట్టి చికిత్స నిర్ణయించొద్దని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2020లోనే చెప్పింది. జబ్బు ఊపిరితిత్తుల్లోకి దిగితే ముక్కు, గొంతు నెగెటివ్ వచ్చినా తెమడలో వైరస్ దొరకొచ్చు.

అమ్మకు ఆయాసం ఉందా, ఆక్సిజన్ 94 శాతం కంటే తగ్గుతోందా, అది చూడండి. తగ్గితే మూడో టెస్టు కోసం తిరగకుండా నేరుగా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తీసుకెళ్లండి.