కొత్త పంతులమ్మకు పెద్దమ్మ ఉత్తరం

చి. అమ్మలుకు,

పెద్దమ్మ ఆశీస్సులు. డీఎస్సీలో ఉద్యోగం వచ్చిందనీ, పోస్టింగు కర్నూలు జిల్లా కోసిగి వైపు పల్లెలో అనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అంత దూరమా అని ఆమె దిగులు. నా సర్వీసు చాలావరకు ఆ వైపు బళ్లలోనే గడిచింది కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

మొదటి వారం పాఠం జోలికి పోకు. ఎవరికి ఏం వచ్చో చూసుకో. మూడో తరగతి పిల్లవాడు గడగడా చదివాడంటే చదువు వచ్చిందని నమ్మకు. అలా నమ్మి నేను ఒక పిల్లవాడికి ఏడాది పోగొట్టాను. బడికి ఎవరొచ్చినా వాణ్నే లేపి చదివించేదాన్ని. ఓ రోజు పేజీ మధ్యలో ఒక పదం మీద వేలు పెట్టి "ఇదేందిరా?" అన్నాను. వాడు పాఠం మొదటినుంచి గొణుక్కుంటూ నా వేలు దగ్గరికి రావాలని చూశాడు. మాట వేలు దాటి ముందుకుపోయింది. వాడు తలొంచుకున్నాడు. అక్షరాలే సరిగా రావు, అంతా విని పట్టేశాడు. తెలివైనవాడు గనకే అన్నాళ్లూ నాకు దొరకలేదు.

గుణింతమూ అంతే. పాటలా పాడేస్తారు. పలక మీద "కొ" ఒక్కటే రాసి అడుగు, "క" నుంచి వేళ్లు ముడుచుకుంటూ వస్తారు. వరస తప్పించి చెప్పు. ఒత్వం చెప్పే రోజు కొడవలి, గొడుగు, బొంగరం చాలు. అన్నట్టు, చార్టులో "ఉ" పక్కన ఉల్లిపాయ బొమ్మ ఉంటే మన పిల్లలు "ఎర్రగడ్డ" అంటారు. తప్పనకు. "ఎర్రగడ్డే, పుస్తకంలో దానికి ఇంకో పేరు పెట్టారు" అను. ఒకసారి తప్పన్నావంటే వాడు మళ్లీ నోరు విప్పడానికి నెలలు పడుతుంది.

మూడు వందల అయిదు రాయమంటే 3005 రాస్తారు. విన్నది విన్నట్టు రాశారు, పాపం. చీపురుపుల్లలు పదేసి కట్టలు కట్టించు, పది కట్టలు కలిపి ఒక మోపు. మూడు మోపులు, విడిగా అయిదు పుల్లలు ముందు పెడితే మధ్యలో కట్టలు లేవని వాళ్లే చెబుతారు.

అరవై మంది లోపు బడికి చట్టం ప్రకారం ఇద్దరు టీచర్లు, తరగతులేమో అయిదు. తోటి టీచరు మీటింగుకు పోయిన రోజు అయిదూ నీవే. ఆ రోజు తరగతులు పక్కన పెట్టి, చదవడం వచ్చినవాళ్లు, రానివాళ్లు అని కూర్చోబెట్టు. యాప్‌లో హాజరు, భోజనం లెక్క ఎలాగూ తప్పవు. సిగ్నల్ లేదని టెన్షన్ పడి పొద్దుటి గంట మాత్రం దానికి ఇవ్వకు. పిల్లలకు బుర్ర తేటగా ఉండేది అప్పుడే.

అసలు కష్టం సుగ్గి, అంటే వలసలు పోయే కాలం. దసరా దాటాక ఇళ్లకు తాళాలు పడతాయి. పత్తి ఏరడానికి, మిరపకోతలకు గుంటూరు వైపు వలసపోతారు, పిల్లల్నీ తీసుకుపోతారు. తాళం పడ్డాక నువ్వు చేసేదేమీ ఉండదు. ముందే ఇంటింటికీ పోయి, అవ్వ ఉన్న ఇంట్లో ఆమెతోనే మాట్లాడు. పిల్లను అట్టిపెట్టుకోవాలా వద్దా అన్నది చాలా ఇళ్లలో అవ్వే తేలుస్తుంది. అవ్వ లేని ఇంటికి, వలసపోయినవాళ్ల పిల్లలను ఉంచుకునే సీజనల్ హాస్టల్ సంగతి ఎంఈఓ ఆఫీసులో ముందే కనుక్కో. అయినా కొందరు పోతారు. ఉగాదికి తిరిగొచ్చినవాణ్ని "ఇన్నాళ్లూ ఏం చేశావ్" అని నిలదీయకు. అమ్మ రోజుకు ఎన్ని కిలోలు ఏరింది, కిలోకు ఎంతిచ్చారు అని అడుగు. ఆ రోజు గుణకారం వాడే చెబుతాడు, మిగతావాళ్లు నోరు తెరుచుకుని వింటారు.

సంక్రాంతికి వస్తావుగా. లెక్కలకు చింతగింజలు కడిగి ఎండబెట్టి డబ్బాలో పోసి ఉంచాను, తీసుకుపో. పురుగు పట్టకుండా రెండు వేపాకులు వేశాను, అవి పారేయకు.

మీ పెద్దమ్మ