పాప ఫోన్ సంగతి, ముందు నీ ఫోన్ సంగతి

నాయనా శీనా,

నువ్వు ఫోన్‌లో అడిగినప్పుడు పక్కనే పాప గొంతు వినిపించింది. అందుకే తర్వాత రాస్తానన్నాను.

పాప నిద్రపోయాక దాని ఇన్‌స్టాగ్రామ్ మెసేజ్‌లు చదువుతున్నానన్నావు, ఇంకా గట్టిగా నిఘా పెట్టే యాప్ ఉంటే చెప్పమన్నావు. అలాంటిది నేను చెప్పను. చాటుగా చదివినవాడికి రేపు నిజంగా చెడ్డది కనపడినా, ఎట్లా తెలిసిందో చెప్పలేడు, చెప్పకుండా ఉండలేడు. పైగా రెండో అకౌంట్ తెరవడం వాళ్లకెంత సేపు? నీ కోసం ఒకటి, స్నేహితుల కోసం ఇంకొకటి పెట్టుకుంటుంది. బడిలో పనిచేసినన్నాళ్లూ చూశాను, చాటుగా బ్యాగులు వెతికే టీచరుకు పిల్లలు తమంతట తాము ఏదీ చెప్పేవాళ్లు కారు.

ముందు నీ ఫోన్ తీయి. నీ ఫేస్‌బుక్ ఎవరైనా చూసేలా ఉంది. పాప యూనిఫాంలో, బడి పేరు కనపడేలా ఒక ఫొటో. కేక్ ఫొటో కింద పుట్టినరోజు తేదీ, వయసు. ఇంటి ముందు కొత్త బండి, నెంబరు ప్లేటుతో సహా. రథసప్తమికి దేవుని కడపలో తేరు దగ్గర నిలబడే 'కుటుంబంతో ఇక్కడున్నాం' అని పెట్టావు. ఇంటికి తాళం వేసి వచ్చామని ఊరందరికీ చెప్పినట్టే కదా! ముక్కూ మొహం తెలియనివాడికి బిడ్డ పేరు, బడి, పుట్టినరోజు నువ్వే ఇచ్చి, దాని అకౌంట్ ప్రైవేట్ చేయమంటే ఏం లాభం? పాత పోస్టులన్నీ ఒకేసారి ఫ్రెండ్స్‌కు మాత్రమే కనపడేలా మార్చే వీలు ఫేస్‌బుక్ సెట్టింగుల్లోనే ఉంది, ఆ పని ఈరోజే చేయి. బంధువుల గ్రూపుల్లో మార్కుల మెమోలు, హాల్‌టికెట్లు పెట్టడం కూడా మానుకో. మనవాళ్లకు ఈ పిచ్చి మరీ ఎక్కువ. ఇకమీదట దాని ఫొటో పెట్టాలంటే దాన్నే అడుగు. వద్దంటే పెట్టకు.

ఆ తర్వాత ఒక ఆదివారం కోడలిని కూడా కూర్చోబెట్టుకుని, పాప చేతే దాని ఫోన్ తెరిపించు. అకౌంట్‌లో పుట్టిన సంవత్సరం నిజమైనదేనా చూడు. చాలామంది పిల్లలు పెద్దవాళ్లమని వేస్తారు, అలా ఉంటే తిట్టకుండా మార్పించు. ఇన్‌స్టాగ్రామ్‌కు 13 ఏళ్లు నిండాలి, పాపకు 14 కాబట్టి ఆ చిక్కు లేదు. మన దేశంలో 2025 నుంచి ఈ వయసు పిల్లలకు టీన్ అకౌంట్లు వచ్చాయి. అవి మొదటినుంచే ప్రైవేట్‌గా ఉంటాయి, 16 లోపు పిల్లలు దాన్ని సడలించాలంటే అమ్మానాన్నల అనుమతి కావాలి. రాత్రి 10 నుంచి ఉదయం 7 వరకు నోటిఫికేషన్లు మోగవు. అమ్మానాన్నల అకౌంట్‌ను పిల్లల అకౌంట్‌తో కలిపే సూపర్‌విజన్ పెట్టుకుంటే గత 7 రోజుల్లో ఎవరెవరికి మెసేజ్ చేసిందో నీకు తెలుస్తుంది, ఏం రాసిందో తెలియదు. నన్నడిగితే ఆ మాత్రం చాలు.

వాట్సాప్‌లో గ్రూపుల్లో చేర్చే వీలు, ప్రొఫైల్ ఫొటో చూసే వీలు కాంటాక్టులకే ఉంచండి. స్నాప్‌చాట్ ఉంటే, తానెక్కడుందో ఎవరికీ కనపడకుండా మ్యాప్‌లో ఘోస్ట్ మోడ్ పెట్టించు.

ఫాలోవర్ల జాబితా దగ్గర మాత్రం తొందరపడొద్దు. ఒక్కొక్కరూ ఎవరో పాపనే చెప్పనీ. ఎదురుగా ఎప్పుడూ చూడనివాళ్లను తీసేయమను. తీసేసినట్టు వాళ్లకు కబురేమీ వెళ్లదు, కాబట్టి మొహమాటం అక్కర్లేదు.

ఇంకో మాట అప్పుడే చెప్పు, 'ఎవరైనా ఫొటో అడిగినా, బెదిరించినా మాకు చెప్పు, చెప్పినందుకు ఫోన్ గుంజుకోము' అని. ఫోన్ పోతుందన్న భయంతోనే పిల్లలు బెదిరింపులు దాచిపెడతారు. అలాంటిది జరిగితే డబ్బు పంపొద్దు, మెసేజ్‌లు చెరిపేయొద్దు. స్క్రీన్‌షాట్లు తీసుకుని ఆ తర్వాత బ్లాక్ చేయండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పిల్లల మీద జరిగే నేరాలకు పేరు చెప్పకుండానే ఫిర్యాదు ఇవ్వొచ్చు. పిల్లల హెల్ప్‌లైన్ 1098. డబ్బు పోతే వెంటనే 1930కి చేయాలి.

చిన్నోడికి ఫోన్ ఇచ్చే రోజు వస్తే వాడికీ ఇదే లెక్క. ఆడపిల్లకొక్కదానికే కాపలా పెట్టి, వాణ్ని వదిలేస్తే నేను ఒప్పుకోను. పాపకు 16 నిండాక ఇందులో ఏవేవి సడలిస్తావో ఆ ఆదివారమే దానికి చెప్పేయి.

మీ పెద్దమ్మ
ఎర్రముక్కపల్లి, కడప