అమెరికాలో మొదటి క్రెడిట్ కార్డ్: మేనకోడలికి మామయ్య రాసిన లెటర్

అమ్మలూ,

నీ మెసేజ్ చూశా. కార్డ్ రిజెక్ట్ అయ్యిందని అంత కంగారు పడాల్సిన పనేం లేదు, అలాగని ఆ కోపంలో ఇంకో మూడు బ్యాంకుల్లో అప్లై చేసెయ్యకు, ముందు ఇది మొత్తం చదువు తర్వాత నీ ఇష్టం.

వాళ్ళు నో అన్నది నీ క్రెడిట్ బాగోలేదని కాదు, అసలు నీ పేరు మీద ఇక్కడ ఏమీ లేదని. ఇండియాలో ఎడ్యుకేషన్ లోన్ నీ పేరు మీదే ఉంది కాబట్టి అక్కడ సిబిల్‌లో నీకు ఫైల్ ఉండే ఉంటుంది, కానీ ఇక్కడ ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్ అని మూడు బ్యూరోలు, అంటే ఎవరు అప్పు ఎలా కడుతున్నారో రికార్డ్ పెట్టే కంపెనీలు, ఇక్కడి బ్యాంకులు చూసేది వీటినే. సిబిల్ కూడా ట్రాన్స్‌యూనియన్ వాళ్ళదే కదా అని నీకు డౌట్ రావచ్చు, ఓనర్ ఒకడే అయినా అక్కడి ఫైల్ తనంతట తాను ఇక్కడికి రాదు. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ లాంటి వాళ్ళు మాత్రం నోవా క్రెడిట్ అనే సర్వీస్ ద్వారా ఇండియా హిస్టరీ చూస్తారు, ఆ దారి ఉందని గుర్తు పెట్టుకో, కానీ చదువుకునే పిల్లవి కాబట్టి ఇన్‌కమ్ దగ్గర ఆగిపోయే ఛాన్స్ ఎక్కువ, దాని మీదే ఆశ పెట్టుకోకు.

ఇంకో పని, ఆ బ్యాంక్ నుంచి వచ్చే లెటర్ పారెయ్యకు. రిజెక్ట్ చేస్తే 30 రోజుల్లో చెప్పాలి, ఎందుకు చేశారో లెటర్లోనే రాయాలి లేదా నువ్వు అడిగితే చెప్పాలి, ఇక్కడ చట్టం అలా ఉంది. అందులో కారణం ఏం రాశారో చూడు. క్రెడిట్ ఫైల్ లేదు అని ఉంటే టైమే మందు. ఐడెంటిటీ వెరిఫై కాలేదు అని ఉంటే మాత్రం అది వేరే కథ, మన వాళ్ళకి తరచూ వచ్చే కథ, అదే పేరు.

మన పేర్ల సంగతి నీకు తెలుసుగా, ఇంటిపేరు ముందు, అది ఒక చోట ఒక్క అక్షరం, ఇంకో చోట మొత్తం. పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ ఖాళీగా ఉన్నవాళ్ళకి వీసా మీద ఎఫ్ఎన్‌యూ, అంటే ఫస్ట్ నేమ్ అన్‌నోన్ అని పడుతుంది, పెట్టిన పేరు వెళ్ళి లాస్ట్ నేమ్‌లో కూర్చుంటుంది. నీకు అంత లేదు కానీ పాస్‌పోర్ట్‌లో, ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్) కార్డ్ మీద, బ్యాంక్ అకౌంట్‌లో, లీజ్‌లో నీ పేరు ఒకేలా ఉందా లేదా ఒకసారి అన్నీ పక్కపక్కన పెట్టుకుని చూసుకో. ఎస్ఎస్ఎన్ కార్డ్ మీద ఎలా ఉందో అప్లికేషన్‌లో అచ్చం అలాగే కొట్టు. అపార్ట్‌మెంట్ యూనిట్ నంబర్ కూడా ఒకచోట రాసి ఇంకోచోట వదిలెయ్యకు. ఇవి చిన్న విషయాల్లా ఉంటాయి కానీ ఒకే మనిషికి రెండు సగం సగం ఫైళ్ళు తయారైతే తర్వాత వాటిని కలపడానికి బ్యూరోల చుట్టూ తిరగాలి.

నీ ఫ్రెండ్‌కి ఇంకా ఎస్ఎస్ఎన్ రాలేదన్నావు కదా, ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళకి క్యాంపస్ జాబ్ ఆఫర్ ఉంటే ఆ లెటర్, యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీస్ వాళ్ళ లెటర్ పట్టుకుని సోషల్ సెక్యూరిటీ ఆఫీస్‌కి వెళ్తే ఇస్తారు, ఫీజు లేదు. కార్డ్ కోసమని ఐటిన్ తీసుకోమని ఎవరో చెప్పారట, ఐటిన్ ట్యాక్స్ పనికోసం ఇచ్చే నంబర్, దాని జోలికి ఇప్పుడు వద్దని చెప్పు.

ఇక ఏ కార్డ్ అంటావా. సీనియర్లు గ్రూపులో పెట్టే లింకుల్లో చాలావరకు రిఫరల్ లింకులే, నువ్వు అప్రూవ్ అయితే వాళ్ళకి బోనస్ వస్తుంది, అందులో తప్పేం లేదు కానీ ఆ కార్డ్ నీకు సెట్ అవుతుందా అన్నది వాళ్ళ బాధ కాదు. నా మాట వింటే రెండే ఆప్షన్లు. ఒకటి స్టూడెంట్ కార్డ్, హిస్టరీ లేకపోయినా ఇచ్చేవి కొన్ని ఉన్నాయి. రెండోది సెక్యూర్డ్ కార్డ్, అంటే నువ్వు ముందు డిపాజిట్ కడితే ఆ డబ్బు హామీగా పెట్టుకుని సాధారణంగా అంతే లిమిట్ ఇస్తారు, చాలా వాటికి 200 డాలర్లతో మొదలు పెట్టొచ్చు. నా డబ్బు నాకే అప్పుగా ఇవ్వడం ఏంటి అని మీ అమ్మ నవ్వుతుంది చూడు, నవ్వనీ. ఆ డిపాజిట్ ఎక్కడికీ పోదు, బాకీ లేకుండా క్లోజ్ చేస్తే వెనక్కి ఇస్తారు, కొన్ని బ్యాంకులు నువ్వు కొన్నాళ్ళు సరిగ్గా కడితే వాళ్ళే మామూలు కార్డ్‌గా మార్చి డిపాజిట్ తిరిగిచ్చేస్తారు. తీసుకునే ముందు రెండు అడుగు, మూడు బ్యూరోలకీ రిపోర్ట్ చేస్తారా, యాన్యువల్ ఫీజు ఉందా. రిపోర్ట్ చెయ్యని కార్డ్ నీకు దండగ, డెబిట్ కార్డూ ప్రీపెయిడ్ కార్డూ ఎంత గీకినా హిస్టరీ రానట్టే ఇదీనూ.

అప్లై చేసే ముందు బ్యాంక్ సైట్లో ప్రీఅప్రూవల్ చెక్ ఉంటుంది, అది సాఫ్ట్ పుల్, అంటే ఊరికే పైపైన చూడడం, నీ క్రెడిట్ స్కోర్‌కి ఏమీ కాదు. అసలు అప్లికేషన్ పెడితే హార్డ్ ఎంక్వైరీ పడుతుంది, అంటే అప్పు కోసం నీ ఫైల్ తీసి చూశారని రికార్డ్ అవుతుంది, రిపోర్ట్‌లో 2 ఏళ్ళు కనపడుతుంది, ఇక్కడ ఎక్కువ బ్యాంకులు చూసే స్కోర్ ఫైకో దాన్ని 12 నెలలు లెక్కలోకి తీసుకుంటుంది. అందుకే వరసపెట్టి అప్లై చెయ్యకు అన్నా.

ఇన్‌కమ్ దగ్గర అబద్ధం రాయకు, బ్యాంక్ అప్లికేషన్‌లో తెలిసి తప్పుడు లెక్క ఇవ్వడం ఇక్కడ ఫెడరల్ నేరం, నువ్వు వీసా మీద ఉన్నావు. క్యాంపస్ జాబ్ జీతం, స్టైపెండ్ ఉంటే అది, ఇంటి నుంచి నీ అకౌంట్‌లో రెగ్యులర్‌గా పడే డబ్బు కూడా రాయొచ్చు. లోన్ డబ్బు ఇన్‌కమ్ కాదు. 21 నిండనివాళ్ళకి 2009 కార్డ్ యాక్ట్ రూల్ ఇంకా టైట్, సొంతంగా కట్టగలిగే ఇన్‌కమ్ చూపించాలి లేదా కోసైనర్, అంటే హామీ సంతకం పెట్టేవాళ్ళు కావాలి, నీకు ఆ గొడవ లేదు.

మీ బావ తన కార్డ్‌లో నిన్ను ఆథరైజ్డ్ యూజర్‌గా, అంటే ఆ కార్డ్ వాడుకునే రెండో మనిషిగా పెడతా అన్నాడని రాశావు. మంచిదే, చాలా బ్యాంకులు ఆ అకౌంట్ నీ రిపోర్ట్‌లోకి కూడా పంపుతాయి. కానీ ఆయన లిమిట్ మొత్తం వాడేసే రకమైతే అదీ నీ రిపోర్ట్‌లోకే వస్తుంది, మీ బావ గురించి నాకంటే నీకే బాగా తెలుసు. పెట్టించుకున్నా సరే, నీ సొంత కార్డ్ మాత్రం మానొద్దు.

కార్డ్ వచ్చాక అసలు పని మొదలు. ఇది అప్పు కోసం కాదు, నెలనెలా టైమ్‌కి కట్టే మనిషివి అని రికార్డ్ చేయించుకోవడానికి. స్టేట్‌మెంట్ డేట్ అంటే బిల్లు తయారయ్యే రోజు, డ్యూ డేట్ అంటే కట్టాల్సిన ఆఖరి రోజు, రెండూ వేరు, మధ్యలో కనీసం 21 రోజులు ఉంటాయి. బ్యూరోకి వెళ్ళేది సాధారణంగా స్టేట్‌మెంట్ రోజు ఉన్న బ్యాలెన్స్. 200 లిమిట్‌లో 150 వాడి డ్యూ డేట్‌కి పూర్తిగా కట్టేసినా వడ్డీ పడదు కానీ రిపోర్ట్‌లో మాత్రం 75 శాతం వాడినట్టు కనపడుతుంది, కాబట్టి స్టేట్‌మెంట్‌కి నాలుగు రోజుల ముందే కొంత కట్టేసి 20, 30 డాలర్లు మిగలనివ్వు చాలు. 30 శాతం దాటకూడదు అని అందరూ చెప్తారు, అది గీత గీసిన రూల్ కాదు, తక్కువ ఉంటే మంచిది అంతే. ఒక నెల ఎక్కువైతే ఏడవకు, తర్వాతి నెల తగ్గితే స్కోర్ మళ్ళీ లేస్తుంది.

నీ విషయంలో నాకున్న భయం వేరే, రూమ్మేట్లు. నలుగురి గ్రోసరీ నీ కార్డ్ మీద గీకి, తర్వాత జెల్ (మన ఫోన్‌పే లాంటిది) చేస్తాం అంటారు, చేస్తారు కూడా, పది రోజులకి. ఈలోపు స్టేట్‌మెంట్ పడిపోతుంది. చిన్న లిమిట్ ఉన్నంత కాలం ఉమ్మడి ఖర్చులు డెబిట్ మీదే పెట్టు, మొహమాటం అనిపిస్తే మామయ్య తిట్టాడని చెప్పు.

ఆటోపే పెట్టుకో, బిల్లు అకౌంట్‌లోంచి దానంతట అదే కట్టుకుంటుంది, మినిమమ్ కాదు, ఫుల్ స్టేట్‌మెంట్ బ్యాలెన్స్. ఆ రోజుకి చెకింగ్ అకౌంట్‌లో డబ్బు ఉందో లేదో మాత్రం నువ్వే చూసుకోవాలి. కొంచెం బాకీ మిగిల్చి వడ్డీ కడితే స్కోర్ పెరుగుతుందని ఎవరో ఒకరు చెప్తారు, శుద్ధ అబద్ధం, ఇక్కడ కార్డ్ వడ్డీలు చాలావరకు ఏడాదికి 20 శాతం పైనే. ఒక రోజు లేట్ అయితే ఫీజు పడొచ్చు, 30 రోజులు దాటితేనే బ్యూరోకి వెళ్తుంది, వెళ్తే మాత్రం 7 ఏళ్ళు ఉంటుంది. కార్డ్‌తో ఏటీఎంలో డబ్బు తియ్యకు, ఫీజు వేరు, వడ్డీ ఆ రోజు నుంచే.

స్కోర్ రేపే రాదు. ఫైకో రావాలంటే ఒక అకౌంట్ కనీసం 6 నెలల వయసుది ఉండాలి. అంతకంటే ముందే ఏదో యాప్ నంబర్ చూపిస్తే అది ఎక్కువగా వాంటేజ్‌స్కోర్ అనే ఇంకో రకం స్కోర్ అయ్యుంటుంది, చూసి సంతోషపడు కానీ బ్యాంక్ అదే చూస్తుందని అనుకోకు. యాన్యువల్ క్రెడిట్ రిపోర్ట్ డాట్ కామ్‌లో మూడు రిపోర్టులూ వారానికి ఒకసారి ఫ్రీగా తీసుకోవచ్చు, మొదటి రెండు మూడు నెలల్లో ఒకసారి తీసి నీ కార్డ్ ఎక్కిందో లేదో, పేరు స్పెల్లింగ్ ఎలా ఉందో చూడు. స్కోర్ పెంచుతాం, ఎస్ఎస్ఎన్ బదులు కొత్త నంబర్ ఇస్తాం అనే వాళ్ళకి నీ ఎస్ఎస్ఎన్ చచ్చినా ఇవ్వకు.

రెండో కార్డ్ గురించి ఏడాది దాకా ఆలోచించకు. అది వచ్చాక కూడా మొదటిదానికి ఫీజు లేకపోతే క్లోజ్ చెయ్యకు, నీ పాత అకౌంట్ అదే. వాడకుండా వదిలేస్తే బ్యాంక్ వాళ్ళే మూసేస్తారు, కాబట్టి ఫోన్ బిల్లు లాంటిది ఒకటి దాని మీద పెట్టి ఆటోపేకి వదిలెయ్. ఇల్లు మారిన ప్రతిసారీ అడ్రస్ మార్చు, స్టూడెంట్లు లీజ్ అయిపోగానే ఇల్లు మారిపోతారు, రిన్యూ అయిన కార్డ్ పాత అడ్రస్‌కి వెళ్ళి ఎవరి చేతిలోనో పడుతుంది.

ఉంటా,
మామయ్య