సందేహాలు – సమాధానాలు: ‘మహిళా రచయిత్రి’ అనవచ్చా?

సందేహం: మా గ్రంథాలయం వార్షిక సంచికకు ఒక ఇంగ్లీషు రచయిత్రి మీద వ్యాసం రాస్తున్నాను. ‘ప్రపంచంలో తొలి మహిళా యాత్రా రచయిత్రి, ప్రసిద్ధ నవలాకారుడు ఆంథొనీ ట్రోలప్ తల్లి, గొప్ప యాత్రికుడు అయిన ఫ్రాన్సిస్ ట్రోలప్ అమెరికా గురించి పుస్తకం రాసింది’ అని మొదలుపెట్టాను. ‘మహిళా రచయిత్రి’ తప్పని ఒకరన్నారు. యాత్ర అంటే తీర్థయాత్రే కాబట్టి అమెరికా ప్రయాణానికి ఆ మాట కుదరదని ఇంకొకరన్నారు. యాత్రికుడికి స్త్రీలింగం ఏమిటి? ‘రాసింది’ అనాలా, ‘రాశారు’ అనాలా?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: మీకు మొదట అభ్యంతరం చెప్పినవారి మాట నిజమే. రచయిత్రి అన్నాక ‘మహిళా’ అక్కర్లేదు. రచయితృ శబ్దానికి పుంలింగంలో రచయిత, స్త్రీలింగంలో రచయిత్రి. కర్త – కర్త్రి, అభినేత – అభినేత్రి కూడా ఇలా వచ్చినవే. స్త్రీ అన్న అర్థం ప్రత్యయంలోనే ఉంది. దానికి ముందు మళ్లీ మహిళను చేర్చడం పునరుక్తి. ‘మహిళా మంత్రి’, ‘మహిళా డాక్టరు’ అంటే దోషం లేదు, ఆ మాటల్లో లింగం తెలియదు కాబట్టి. అయినా అవసరం ఉన్నచోటే అనాలి. ‘పురుష మంత్రి వచ్చారు’ అని ఎవరూ రాయరు కదా. ఈమధ్య చాలామంది స్త్రీలు తమను రచయిత అనే పిలవమంటున్నారు, కవి అన్నట్టే. అదీ మంచి వాడుకే. రచయిత అనండి, రచయిత్రి అనండి. రెంటికీ ముందు మహిళ వద్దు.

యాత్రికుడికి స్త్రీలింగం యాత్రికురాలు. ఈ ‘రాలు’ మన సొంత ప్రత్యయం, సంస్కృత పదాలకు కూడా చక్కగా అతుకుతుంది: సంపాదకురాలు, అధ్యాపకురాలు, పాఠకురాలు. మీరు సంతకంలో పాఠకురాలు అనే రాశారు! ఒక్కోసారి సంస్కృత రూపమూ, తెలుగు రూపమూ రెండూ నిలిచి అర్థం విడిపోతుంది. నాయిక అంటే కథలోనో సినిమాలోనో హీరోయిన్. నాయకురాలు అంటే పదిమందిని నడిపించేది. పల్నాటి నాగమ్మను నాయకురాలు అన్నాం గాని నాయిక అనలేదు. నవలాకారుడికి నవలాకారిణి, నవలా రచయిత్రి రెండూ వాడుకలో ఉన్నాయి. ‘కార’ శబ్దానికి సంస్కృతంలో స్త్రీలింగం ‘కారీ’ కదా, ‘కారిణి’ ఎక్కడిదని పట్టుబట్టే పండితులున్నారు. కళాకారిణి, క్రీడాకారిణి అని తెలుగువాళ్లందరూ అంటున్నాక ఆ పట్టుదల నాకు సమ్మతం కాదు.

ఇక యాత్ర. ఆ మాటకు మూలం ‘వెళ్లడం’ అనే అర్థమున్న యా ధాతువు. తీర్థం అందులో ఒక గమ్యం మాత్రమే. జైత్రయాత్ర, దండయాత్ర, పాదయాత్ర, చివరికి అంతిమయాత్ర వీటిలో దేనికీ పుణ్యక్షేత్రమే గమ్యం కానక్కర్లేదు. ఏనుగుల వీరాస్వామి గారు చెన్నపట్నం నుంచి నిజంగానే కాశీకి బయల్దేరారు. అయినా ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’లో దేవుళ్లతో పాటు దారులూ, బసలూ, ధరలూ, ఊళ్ల తీరూ అన్నీ ఉన్నాయి. ఆయన 1830 మేలో బయల్దేరి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. మీ రచయిత్రి అమెరికాలో ఉన్నది 1827 డిసెంబరు నుంచి 1831 దాకా. ఒకరి సంగతి ఒకరికి తెలియదు గాని ఇద్దరూ ఒకే కాలంలో దారి పొడుగునా చూసింది చూసినట్టు రాసుకుంటూ పోయారు. ఆయనది యాత్రాచరిత్ర అయితే ఆవిడదీ యాత్రాచరిత్రే.

మీరు అడగనివి కూడా రెండు మూడు చెప్పాలి. వాటివల్లే మీ వాక్యం ఆవిడకు ఎక్కువ అన్యాయం చేస్తోంది.

ఒకటి ‘తొలి’. ఇది పెద్ద మాట, రుజువు కావాలి. ట్రోలప్ పుస్తకం వచ్చింది 1832లో. అంతకు ముప్పై ఆరేళ్ల ముందే, 1796లో, మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ స్వీడన్, నార్వే, డెన్మార్క్ ప్రయాణాల మీద లేఖలు అచ్చువేశారు. టర్కీ నుంచి లేడీ మేరీ మాంటెగ్యూ రాసిన లేఖలు 1763లోనే వెలువడ్డాయి. కాబట్టి ‘తొలి’ తీసేసి ‘తొలితరం’ అనండి. కొంచెం వదులుగా ఉంటుంది గాని అబద్ధం కాదు.

రెండోది, కొడుకు పేరు ముందుకు రావడం. ఆంథొనీ ట్రోలప్ గొప్ప నవలాకారుడే, కాదనను. కానీ ఆయన మొదటి నవల 1847లో వచ్చింది. అప్పటికి తల్లి పేరు పదిహేనేళ్లుగా ఇంగ్లండంతా మోగుతోంది. తెలుగు వాక్యంలో విశేషణాలన్నీ విశేష్యానికి ముందు క్యూ కడతాయి. మూడు నాలుగు పెట్టామంటే అసలు మనిషి పేరు వాక్యం చివర్లోగాని దొరకదు. మీ వాక్యంలో జరిగింది అదే. పేరుతో మొదలుపెట్టి, చేసిన పని చెప్పి, చుట్టరికం ఇంకో వాక్యంలోకి తోసేయండి.

ఆ పని ఎలాంటిదో మీకు తెలిసే ఉంటుంది. అప్పుల్లో మునిగిన సంసారాన్ని గట్టెక్కించాలని ముగ్గురు పిల్లలతో ఓడెక్కి, టెనెసీ అడవుల్లో, బానిసలను స్వేచ్ఛకు సిద్ధం చేయడానికి పెట్టిన నషోబా అనే స్థావరానికి చేరి, అక్కడి దుస్థితి చూసి కొద్దిరోజులకే సిన్సినాటి వెళ్లిపోయారు. ఆ ఊళ్లో చెత్త ఎక్కడ వెయ్యాలని ఇంటాయన్ని అడిగితే, వీధి మధ్యలో వెయ్యండి, పక్కన వేస్తే చట్టం ఒప్పుకోదు, మధ్యలో వేస్తే పందులు తినేస్తాయి అన్నాడట. వీధుల్లో తిరిగే పందుల మందలు, నాటకశాలలో పొగాకు నమిలి ఉమ్మే మగవాళ్లు, స్వేచ్ఛ గురించి ఉపన్యసిస్తూనే బానిసలను ఉంచుకునే పెద్దమనుషులు, అందరూ ఆ పుస్తకంలోకి ఎక్కారు. అక్కడ ఆవిడ పెట్టిన బజారు దివాలా తీసింది. ఇంగ్లండు తిరిగొచ్చి 53వ ఏట అచ్చువేసిన ఈ పుస్తకం మీద అమెరికన్లు మండిపడ్డారు. రెండు దేశాల్లోనూ జనం ఎగబడి చదివారు. పుస్తకం పేరు తెలుగులో చెప్పాలంటే ‘అమెరికన్ల ఇంటి తీరుతెన్నులు’ అనవచ్చు. మీ వాక్యంలో ఉన్న ‘అమెరికా గురించి పుస్తకం’ చాలదు. ఆవిడ చూసింది దేశపటాన్ని కాదు, మనుషులు తినే తీరు, కూర్చునే తీరు, మాట్లాడే తీరు.

నవలల సంగతి మీ వాక్యంలో అసలే లేదు. అది పెద్ద లోపం. 1836లో వచ్చిన ఆవిడ నవల ‘జొనాథన్ జెఫర్సన్ విట్లా’ అమెరికా బానిసత్వాన్ని ఎండగట్టింది. బానిసత్వం మీద అందరికీ తెలిసిన అమెరికన్ నవల ‘అంకుల్ టామ్స్ క్యాబిన్’ రావడానికి అప్పటికి ఇంకా పదహారేళ్లుంది. ఫ్యాక్టరీల్లో పిల్లల వెట్టి చాకిరీ మీద ‘మైకేల్ ఆర్మ్‌స్ట్రాంగ్’ రాసే ముందు మాంచెస్టరు వెళ్లి మిల్లులు చూసి వచ్చారు. ముప్పైకి పైగా నవలలు, కొన్ని యాత్రాగ్రంథాలు, అన్నీ యాభై దాటాకే. తెల్లవారుజామున నాలుగింటికే రాతబల్ల ముందు కూర్చునేవారని, ఇంట్లో వాళ్లు లేచేసరికి ఆ రోజు పని ముగిసేదని కొడుకే తన ఆత్మకథలో చెప్పారు. అప్పులవాళ్ల భయంతో కుటుంబం బెల్జియంలోని బ్రూజ్‌కు పారిపోయింది. అక్కడ రెండో కొడుకు హెన్రీ క్షయతో, ఆ తర్వాత భర్త జబ్బుతో మంచాన పడ్డారు. వాళ్లకు రాత్రుళ్లు కాపలా కాస్తూనే నవల నడిపారు. మందు సీసాలూ సిరాబుడ్డీ ఆవిడ గదుల్లో పక్కపక్కనే ఉండేవట. 1834లో హెన్రీ, మరుసటి ఏడు భర్త, 1836లో కూతురు ఎమిలీ పోయారు. ఆ ఏడాదే పైన చెప్పిన బానిసల నవల అచ్చయింది. ఇదంతా చేసిన మనిషిని ‘ఫలానావారి తల్లి’ అని పరిచయం చేస్తే నాకు మనసొప్పదు.

‘రాసింది’, ‘రాశారు’ విషయానికొస్తే, రెండూ సాధువులే. ‘రాసింది’లో అగౌరవం ఉందని కొందరంటారు. తెలుగులో ఏకవచనంలో స్త్రీకీ, చెట్టుకీ, పుస్తకానికీ ఒకే క్రియారూపం కావడం వల్ల వచ్చిన అనుమానం అది. వ్యాకరణం అలా ఉందే తప్ప చులకన ఏమీ లేదు. నేను చూసేది ఒక్కటే, ఒకే వ్యాసంలో రెండు కొలతలు ఉండకూడదు. కొడుకు ‘రాశారు’, తల్లి ‘రాసింది’ అని ఎక్కడైనా పడిందేమో మీ రాతప్రతి చివరిదాకా వెతకండి. ఆయన ‘రాశాడు’ అయితే ఆమె ‘రాసింది’, ఆయన ‘రాశారు’ అయితే ఆవిడా ‘రాశారు’.

పేరు కూడా ‘ఫ్రాన్సెస్’ అని రాయండి. ఇంగ్లీషులో స్త్రీ పేరుకు, పురుషుడి పేరుకు ఉచ్చారణ దాదాపు ఒకటే, రాతలో ఒక్క అక్షరం తేడా. తెలుగులో ఫ్రాన్సిస్ అనగానే మగవాడే గుర్తొస్తాడు.

మీ మొదటి వాక్యాలు ఇలా మార్చుకోవచ్చు: ‘ఫ్రాన్సెస్ ట్రోలప్ (1779–1863) ఇంగ్లీషులో తొలితరం యాత్రాచరిత్ర రచయిత్రి, నవలాకారిణి. మూడున్నరేళ్లు అమెరికాలో ఉండి, అక్కడి జనం తీరుతెన్నులను 1832లో పుస్తకంగా రాశారు. బానిసత్వం మీద, బాలకార్మికుల మీద నవలలు రాశారు. నవలాకారుడు ఆంథొనీ ట్రోలప్ ఈవిడ కుమారుడు.’