ఏడుగురు ట్రస్టీలకు ఏడు కవర్లు

తమ్ముడూ, మీ వీధిని వేరే స్కూలు కిందికి మారుస్తున్నారని బోర్డ్ ఆఫ్ ట్రస్టీస్‌కి, అంటే మీ స్కూలు డిస్ట్రిక్టులోని గవర్నమెంటు స్కూళ్లన్నిటినీ నడిపే బోర్డుకి రాస్తానన్నావు, ఏమని సంబోధించాలని అడిగావు. తప్పకుండా రాయి. నాలా మాత్రం రాయకు.

2011లో టెక్సాస్‌కి వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. మా పెద్దాడు లైబ్రరీ పుస్తకం పోగొట్టాడని స్కూలువాళ్లు 18 డాలర్లు కట్టమన్నారు. తిరిగిచ్చేశామని నా వాదన. పద్దెనిమిదిని రూపాయల్లోకి, నలభై అయిదుతో హెచ్చవేసుకుంటే నిద్ర పడుతుందా? హైస్కూల్లో నేర్చిన లీవ్ లెటర్ గుర్తు తెచ్చుకుని 'రెస్పెక్టెడ్ సర్స్' అని మొదలెట్టి, 'ఐ బెగ్ టు స్టేట్' అని సాగదీసి, 'యువర్స్ ఒబీడియంట్లీ' అని ముగించాను. ఏడుగురు ట్రస్టీలకీ పేరుపేరునా ఏడు కవర్లు, సర్టిఫైడ్ మెయిల్లో (మన రిజిస్టర్డ్ పోస్టు లాంటిది), అందినట్టు సంతకంతో తిరిగొచ్చే రిటర్న్ రిసీట్‌తో సహా. ఒక్కోదానికి అయిదున్నర పైనే, మొత్తం 39 డాలర్లు!

ఆ 'సర్స్'లో నలుగురు ఆడవాళ్లని తర్వాత తెలిసింది. వారం తిరక్కుండా పచ్చ రంగు రసీదు కార్డులు ఏడూ తిరిగొచ్చాయి. అన్నిటి మీదా ఒకటే సంతకం, ఆఫీసు గుమాస్తాది. మనింటికొచ్చిన మొదటి గ్రీన్ కార్డులు అవేనని మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. జవాబు రెండే లైన్లు: ముందు ప్రిన్సిపాల్‌తో మాట్లాడండి. మాట్లాడి, ఆ 18 కూడా కట్టొచ్చాను.

బోర్డుకి ఒక్క ఉత్తరం చాలు. పైన ప్రెసిడెంటు పేరు, కింద బోర్డ్ ఆఫ్ ట్రస్టీస్, డిస్ట్రిక్టు పేరు, ఆఫీసు అడ్రసు. సంబోధన 'డియర్ ప్రెసిడెంట్ ఫలానా అండ్ మెంబర్స్ ఆఫ్ ద బోర్డ్ ఆఫ్ ట్రస్టీస్'. ఫలానా అన్నచోట ఇంటిపేరు. మనలా ముందుండేది కాదు, చివరిది. ఆ తర్వాత కామా కాదు, కోలన్. ఆఖర్న 'సిన్సియర్లీ', నీ పేరు, నువ్వుండే వీధి. ఎన్నికలయ్యాక ప్రెసిడెంటు మారుతుంటారు, డిస్ట్రిక్టు సైట్‌లో చూసుకో. మీటింగులో మాట్లాడే రూల్సూ అక్కడే ఉంటాయి.

దేబిరించకు. ట్రస్టీలకి జీతం ఉండదు, ఓట్లతో గెలిచొచ్చినవాళ్లు. నీకు ఓటు లేకపోయినా నువ్వు కట్టే అద్దెలో స్కూలు ట్యాక్సు కలిసే ఉంటుంది, అది గుర్తుపెట్టుకుని రాయి. అలాగని ఇంటి అప్పుల గోడు అందులో వెళ్లబోసుకోకు, ఆ ఉత్తరాలు ఎవరైనా అడిగి తీసుకోవచ్చు.

బోర్డుకి ఈమెయిల్ ఉంటే అందులోనే పంపు. స్టాంపు ఖర్చు కూడా ఉండదు.