ఎమ్‌పీసీ వన్‌లో కొత్త సౌండ్ ప్యాక్ కనిపించకపోతే ఎక్కడెక్కడ చూడాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: చెన్నైలో ఉంటున్నారు, అకాయ్ ఎమ్‌పీసీ వన్ (ప్యాడ్లు నొక్కుతూ సంగీతం తయారుచేసే మెషీన్) కొన్నారు. సన్నాయి, డోలు, డప్పు ఉన్న ఒక ప్యాక్‌ను డబ్బు కట్టి డౌన్‌లోడ్ చేసి ఎస్‌డీ కార్డులో వేశారు. మెషీన్‌లో అదనపు ప్యాకులను చూపించే ఎక్స్‌పాన్షన్స్ పేజీలో అది కనిపించడం లేదు. ఫోల్డర్లలో వెతికి తెరిచిన ఒకటి రెండు కిట్లలో (ప్యాడ్లకు సౌండ్లు అమర్చిన సెట్లలో) సగం ప్యాడ్లు మోగడం లేదు. మెషీన్ పాడైందా, ప్యాక్ పాడైందా అని మీ అనుమానం. కాంటాక్ట్ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ కోసం చేసిన సౌండ్ లైబ్రరీలు ఇందులో తెరుచుకుంటాయా అని కూడా చివర అడిగారు.

చాలావరకు రెండూ కాదు. కంప్యూటర్ లేకుండా నడిచేటప్పుడు ఎమ్‌పీసీ ఇలాంటి శాంపిల్ (రికార్డు చేసిన ధ్వని ముక్క) ప్యాక్ కోసం కార్డులో మూడు సంగతులు చూస్తుంది. ఫలానా పేరుతో ఒక ఫోల్డర్ ఉందా, అందులో ప్యాక్‌కో ఫోల్డర్ ఉందా, ఆ ఫోల్డర్‌లో ప్యాక్ వివరాల ఫైల్ ఉందా అని. వీటిలో ఒక్కటి తప్పినా ఎర్రర్ ఏమీ రాదు, ప్యాక్ కనబడదు, అంతే. మనుషులు గంటలకు గంటలు ఫర్మ్‌వేర్ (మెషీన్ లోపలి సాఫ్ట్‌వేర్) మార్చుకుంటూ కూర్చునేది ఇక్కడే. అందుకే ముందు కార్డు దగ్గర మొదలుపెడదాం.

డౌన్‌లోడ్ అయిన ఫైల్ పేరు చివర ఏముందో చూడండి. విండోస్‌లో ఎక్స్‌ప్లోరర్ వ్యూ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేస్తేగానీ అది కనబడదు. సాధారణంగా ఎక్స్‌పీఎన్ అని ఉంటుంది. పేరు కొత్తగా అనిపించినా లోపల అది మామూలు జిప్ ఫైలే. ఆ మూడక్షరాలు తీసి జిప్ అని పెట్టి విప్పండి. అమ్మేవాళ్లు కొందరు ఎక్స్‌పీఎన్‌నే మళ్లీ ఇంకో జిప్‌లో పెట్టి ఇస్తారు, అప్పుడు రెండుసార్లు విప్పాలి. ఫర్మ్‌వేర్‌ను బట్టి మెషీన్‌లో ఫైళ్లు వెతికే బ్రౌజర్‌లోంచే ఎక్స్‌పీఎన్ తెరిచే వీలు ఉన్నా లేకపోయినా, చేత్తో విప్పి పెట్టడమే నేను చెప్పే పద్ధతి. ఏది ఎక్కడికి వెళ్లిందో మన కళ్లముందు ఉంటుంది, తేడా వస్తే పట్టుకోవడం తేలిక.

విప్పేది మాత్రం డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో వద్దు. సీ డ్రైవ్‌లో నేరుగా రెండు మూడు అక్షరాల పేరుతో ఒక ఫోల్డర్ చేసి అందులో విప్పండి. విండోస్‌లో ఫైల్ దారి మొత్తం కలిపి 260 అక్షరాలు దాటితే మామూలు సెట్టింగ్‌లో ఇబ్బంది వస్తుంది. ఈ ప్యాకుల్లో శాంపిల్ పేర్లు చాంతాడంత ఉంటాయి: వాయిద్యం పేరు, స్వరం, వెలాసిటీ (ఎంత గట్టిగా వాయించారో), ఎన్నో టేక్, అన్నీ పేరులోనే. డౌన్‌లోడ్స్ లోపల ఫోల్డర్‌లో ఫోల్డర్ విప్పుకుంటూ పోతే దారి చాలా పొడవైపోతుంది. అప్పుడు విండోస్ ఆగి ఈ ఫైల్‌ను స్కిప్ చేయాలా అని అడుగుతుంది. స్కిప్ నొక్కారంటే ఆ ప్యాడ్ మోగదు. మీ సగం ప్యాడ్ల మౌనానికి ఇది ఒక కారణం కావచ్చు.

విప్పాక లోపల ఏముండాలంటే: ఎక్స్‌పీఎమ్ ఫైళ్లు (ఇవే కిట్లు, వాయిద్యాలు), వేవ్ ఫైళ్లు, ఒక బొమ్మ, ప్రీవ్యూస్ అనే ఫోల్డర్, వీటితోపాటు ఎక్స్‌పాన్షన్ డాట్ ఎక్స్ఎమ్ఎల్ అనే చిన్న ఫైల్. ఆ చివరిదే ప్యాక్ వివరాల ఫైల్. దాన్ని తెరిచి మార్చడం, అనవసరం అనుకుని తీసేయడం చేయకండి.

ఇప్పుడు కార్డు. కార్డు తెరవగానే కనిపించే మొదటి స్థాయిలో ఎక్స్‌పాన్షన్స్ అనే ఫోల్డర్ చేయండి. ఇంగ్లిష్‌లో మొదటి అక్షరం పెద్దది, చివర బహువచనం ఎస్ తప్పనిసరి. దాని లోపల ప్యాక్ ఫోల్డర్ పెట్టాలి. ప్యాక్ ఫోల్డర్ తెరవగానే ఎక్స్ఎమ్ఎల్ ఫైల్ కనబడాలి. జిప్ విప్పే సాఫ్ట్‌వేర్ తనే ఒక ఫోల్డర్ చేస్తుంది, జిప్ లోపల అదే పేరుతో ఇంకో ఫోల్డర్ ఉంటుంది. దాంతో ప్యాక్ ఫోల్డర్‌లో మళ్లీ అదే ప్యాక్ ఫోల్డర్, దాని లోపల ఎక్స్ఎమ్ఎల్. ఒక్క మెట్టు కిందికి దిగిపోయినందుకే మెషీన్‌కు కనబడదు. మీ ప్యాక్ కనబడకపోవడానికి ఇదే బాగా సరిపోతోంది, మొదట ఇదే చూడండి.

మ్యాక్ వాడేవాళ్లకు ఇంకొక తలనొప్పి. మ్యాక్ నుంచి, ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన కార్డుకు కాపీ చేస్తే, చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే నకలు ఫైళ్లు అసలు పేర్లతోనే వచ్చి చేరతాయి. మ్యాక్‌లో అవి దాగి ఉంటాయి, ఎమ్‌పీసీ బ్రౌజర్‌లో మాత్రం అసలు శాంపిల్‌లాగే కనిపించవచ్చు. నొక్కితే లోడ్ కాదు, ఎందుకంటే వాటిలో ధ్వని ఉండదు. కార్డును ఒకసారి విండోస్ కంప్యూటర్లో పెట్టి ఆ పేర్లతో వెతికి తీసేస్తే సరి.

అకాయ్ సొంత ప్యాకులలో కొన్ని ఎక్స్‌పీఎన్‌గా కాకుండా కంప్యూటర్ ఇన్‌స్టాలర్‌గా వస్తాయి. అవి విండోస్‌లో సీ డ్రైవ్, ప్రోగ్రామ్‌డేటా, అకాయ్, ఎమ్‌పీసీ, కంటెంట్ అనే వరుసలో ఉన్న ఫోల్డర్‌లోకి వెళ్తాయి. ప్రోగ్రామ్‌డేటా దాచిన ఫోల్డర్, హిడెన్ ఐటమ్స్ ఆన్ చేస్తే కనబడుతుంది. అక్కడున్న ప్యాక్ ఫోల్డర్‌ను ఉన్నదున్నట్టు కార్డులోని ఎక్స్‌పాన్షన్స్‌లోకి కాపీ చేసుకోవచ్చు.

ఇక కార్డు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మోగని ప్యాడ్లకు ఇది కూడా కారణం కావచ్చు. ఎమ్‌పీసీ వన్ లోపలి మెమరీ 4 జీబీ, అందులో చాలా భాగం కంపెనీ సౌండ్లతోనే నిండి వస్తుంది. కాబట్టి కార్డు లేనిదే పని నడవదు. 64 లేదా 128 జీబీ చాలు. వీ30 గుర్తు (రాసే వేగానికి సూచన) ఉన్నది తీసుకోండి, ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి. ఫ్యాట్32లో ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు. మ్యాక్‌లో ఫార్మాట్ చేస్తే స్కీమ్ దగ్గర మాస్టర్ బూట్ రికార్డ్ ఎంచుకోండి.

చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా, కొత్త కార్డును వాడేముందు పరీక్షించండి. నకిలీ కార్డు లోపలి చిప్ అసలు 16 జీబీయే అయినా కంప్యూటర్‌కు 128 అని చెబుతుంది. 16 దాటాక రాసింది ఎక్కడికీ పోదు, లేదా పాతదాని మీదే పడుతుంది. ఫైల్ పేరు, సైజు మాత్రం లిస్టులో చక్కగా కనిపిస్తాయి. అందువల్ల కాపీ అయిపోయిందనే అనుకుంటాం. కిట్ లోడ్ చేస్తే కొన్ని ప్యాడ్లు మోగుతాయి, కొన్ని మోగవు, కొన్ని బుస్సుమంటాయి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, మ్యాక్, లినక్స్‌లలో ఎఫ్3 అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు కార్డు మొత్తం నింపి, మళ్లీ చదివి, తేడా ఉంటే చెబుతాయి. సెకనుకు 30 ఎమ్‌బీ రాసే కార్డులో 128 జీబీ నింపడానికే గంటా పది నిమిషాలు పడుతుంది, చదవడం అదనం. రాత్రి పెట్టి వదిలేయండి. ఆ సమయం వృథా కాదు.

ప్యాక్ కాపీ అయ్యాక కంప్యూటర్లోని ఫోల్డర్ మీద, కార్డులోని ఫోల్డర్ మీద ప్రాపర్టీస్ తెరిచి ఫైళ్ల సంఖ్య, మొత్తం బైట్లు పోల్చండి. రెండూ ఒక్కటిగా ఉండాలి. సైజ్ ఆన్ డిస్క్ అనే అంకె మాత్రం తేడాగా ఉంటుంది, దాన్ని పట్టించుకోవద్దు. వేలకొద్దీ చిన్న వేవ్ ఫైళ్లున్న ప్యాక్ ఒకే పెద్ద ఫైల్ కన్నా చాలా నెమ్మదిగా కాపీ అవుతుంది. ఆగిపోయిందనుకుని కార్డు లాగేయకండి. తీసేటప్పుడు కంప్యూటర్లో, ఎమ్‌పీసీలో రెండుచోట్లా ఇజెక్ట్ నొక్కాలి. ఎమ్‌పీసీ వన్‌కు బ్యాటరీ లేదు. సేవ్ అవుతుండగా కరెంటు పోతే ఎక్స్‌ఫ్యాట్ కార్డులో ఫైళ్ల పట్టిక దెబ్బతినే ప్రమాదం ఉంది. కంప్యూటర్‌కు యూపీఎస్ ఉంటే మెషీన్ అడాప్టర్‌ను కూడా దానికే కలపండి, అయితే దాని సామర్థ్యం సరిపోతుందో ముందు చూసుకోండి.

కార్డు పెట్టి మెషీన్ ఒకసారి ఆపి ఆన్ చేసి, బ్రౌజర్‌లో ఎక్స్‌పాన్షన్స్ తెరవండి. ప్యాక్ బొమ్మ వచ్చి లోపల ఖాళీగా ఉంటే బ్రౌజర్ ఫిల్టర్ చూడండి. శాంపిల్స్ మాత్రమే చూపించమని గతంలో నొక్కి ఉంటే కిట్లు కనబడవు.

కిట్ లోడ్ అవుతూ శాంపిల్ దొరకలేదని చెబితే అర్థం ఇది: ఎక్స్‌పీఎమ్ ఫైల్‌లో ధ్వని ఉండదు, ఏ ప్యాడ్‌కు ఏ వేవ్ ఫైల్ అన్న పేర్లు మాత్రమే ఉంటాయి. డోలు శాంపిల్స్ అన్నీ ఒకచోట, డప్పు శాంపిల్స్ అన్నీ ఒకచోట అని మనం సర్దడం మొదలుపెడితే ఆ లంకె తెగిపోతుంది. సర్దుకోవాలని ఉంటే వేవ్ ఫైళ్ల కాపీ వేరే ఫోల్డర్‌లో పెట్టి సర్దుకోండి, ఎక్స్‌పాన్షన్స్ లోపలివి ముట్టుకోవద్దు.

ఇంకొక రకం మౌనం ఉంది. కొన్ని ప్యాకుల్లో కిట్లు శాంపిల్స్ మీద కాక ప్లగిన్ (ధ్వని పుట్టించే అదనపు సాఫ్ట్‌వేర్) మీద ఆధారపడతాయి. మెషీన్‌లో ఆ ప్లగిన్ లైసెన్స్ లేకపోతే అవి మోగవు. కంప్యూటర్‌లోని వీఎస్‌టీ ప్లగిన్‌తో చేసినవైతే మెషీన్ ఒంటరిగా ఉన్నప్పుడు ఎలాగూ మోగవు. కొనేముందు స్టాండలోన్ (కంప్యూటర్ లేకుండా నడిచేది) అన్న మాట వివరాల్లో ఉందో లేదో చూడండి. మెషీన్ సాఫ్ట్‌వేర్ వెర్షన్ అయిన ఎమ్‌పీసీ 3 కోసం చేసిన ప్రాజెక్టు పాత వెర్షన్ ఎమ్‌పీసీ 2లో తెరుచుకోదు, అదీ గుర్తుంచుకోండి.

ర్యామ్ 2 జీబీ, అందులో మెషీన్ సొంత అవసరాలకు పోగా మిగిలిందే మనది. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ స్టీరియో శాంపిల్ నిమిషానికి దాదాపు 10 ఎమ్‌బీ, 24 బిట్ అయితే 16 ఎమ్‌బీ. డప్పు దెబ్బ అర సెకను, అది లెక్కలోకి రాదు. మెమరీ తినేది పొడుగు స్వరాలు, తంబూరా లాంటివి. ప్యాక్‌లో ఒకే సన్నాయి మూడు నాలుగు ఎక్స్‌పీఎమ్‌లుగా ఉంటే పాటకు కావలసిన ఒక్కటే లోడ్ చేయండి. వాడనివి ప్రాజెక్టులోంచి తీసేశాక పర్జ్ కూడా చేయండి, లేకపోతే శాంపిల్స్ మెమరీలోనే ఉండిపోతాయి.

మన వాయిద్యాల మంచి లైబ్రరీలు చాలావరకు కాంటాక్ట్ కోసమే వస్తాయి, అవి ఎమ్‌పీసీలో తెరుచుకోవు. మీ ప్రశ్న చివర ఆ సందేహమూ ఉంది కాబట్టి చెబుతున్నాను. దారి ఆటో శాంప్లర్, అంటే ప్లగిన్ స్వరాలను దానంతటదే రికార్డు చేసి శాంపిల్స్‌గా మార్చే సాధనం. కంప్యూటర్‌లోని ఎమ్‌పీసీ సాఫ్ట్‌వేర్‌లో కాంటాక్ట్‌ను ప్లగిన్ ట్రాక్‌గా పెట్టి, ఆటో శాంప్లర్‌లో సన్నాయికి రెండున్నర స్థాయిలు, మూడు అరస్వరాలకు ఒక శాంపిల్, రెండు వెలాసిటీలు, ఒక్కోటి 6 సెకన్లు ఇవ్వండి. 11 స్వరాలు, రెండేసి చొప్పున 22 శాంపిల్స్, మొత్తం 132 సెకన్లు. 16 బిట్‌లో సుమారు 23 ఎమ్‌బీ, 24 బిట్‌లో 35. ఎమ్‌పీసీ వన్‌కు ఇది భారమే కాదు. అరస్వరం అరస్వరానికీ శాంపిల్ తీస్తే సైజు మూడింతలవుతుంది, కానీ సన్నాయి గొంతు మరీ సాగినట్టు వినబడదు. నేనైతే సన్నాయికి ఆ మూడింతలు ఇస్తాను, ఎక్కువ సాగదీస్తే అది పిల్లల బూరలా మారిపోతుంది. మాట్లాడే గమకాలు మాత్రం శాంపిల్‌లో రావు, స్వరాన్ని పైకీ కిందికీ జార్చే పిచ్ బెండ్‌తో వాయించుకోవాలి. ఇలా తీసినది సొంత పాటలో వాడుకోవడం వేరు, ప్యాక్‌గా ఇతరులకు పంచడం వేరు. రెండోదాన్ని సాధారణంగా లైసెన్స్ ఒప్పుకోదు, చదివి చూసుకోండి.

డోలుకు కీగ్రూప్ (ఒకే వాయిద్యాన్ని స్వరాలుగా వాయించేది) కాదు, డ్రమ్ ప్రోగ్రామ్ (ప్యాడ్‌కో దెబ్బ పెట్టేది) వాడండి. ఎమ్‌పీసీ 2లో ఒక్కో ప్యాడ్‌కు నాలుగు లేయర్లు, అంటే నాలుగు శాంపిల్స్ పెట్టే చోట్లు. అదే దెబ్బ నాలుగు టేకులు పెట్టి లేయర్ ప్లేను సైకిల్‌కు మారిస్తే వేగంగా వాయించినప్పుడు ఒకే దెబ్బ మళ్లీ మళ్లీ పడినట్టు ఉండదు. పుల్లతో కొట్టే వైపు, వేళ్ల తొడుగులతో కొట్టే వైపు వేర్వేరు ప్యాడ్లలో పెట్టండి. తెరిచిన దెబ్బను, నొక్కిపట్టిన దెబ్బను ఒకే మ్యూట్ గ్రూప్‌లో వేస్తే ఒకటి పడగానే రెండోది ఆగుతుంది.

విదేశీ సైట్లలో కొనేటప్పుడు చెల్లింపు ఆగిపోతే, మీ బ్యాంకు యాప్‌లో కార్డుకు ఇంటర్నేషనల్, ఆన్‌లైన్ వాడకం రెండూ ఆన్‌లో ఉన్నాయో చూడండి. ఎక్స్‌పీఎన్ ఫైల్, రసీదు, లైసెన్స్ పీడీఎఫ్ మూడూ కలిపి హార్డ్ డిస్క్‌లో ఒక ఫోల్డర్‌లో ఉంచండి. ప్యాక్‌లోని లూప్‌ను ఏమీ మార్చకుండా వాడితే, అదే లూప్ వాడిన ఇంకొకరి పాట పేరుమీద యూట్యూబ్‌లో మీకు కాపీరైట్ క్లెయిమ్ రావచ్చు. దాన్ని ప్రశ్నించడానికి ఆ రసీదు, లైసెన్స్ కావాలి.

ముందు డబుల్ ఫోల్డర్ చూడండి, తర్వాత ఫైళ్ల సంఖ్య, ఆపైన కార్డు పరీక్ష. అప్పటికీ కనబడకపోతే కార్డులోని ఫోల్డర్ల వరుసను, ఫర్మ్‌వేర్ వెర్షన్‌ను ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.