పేరు గడిలో ఎవరేం రాస్తారో

కన్నా,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి "వాడేదో లైబ్రరీ పెడుతున్నాడే, అంత డబ్బెక్కడిది?" అని కంగారు పడింది. పుస్తకాలది కాదక్కా, వెబ్ పేజీలో ఎలిమెంట్లు తయారుచేసే జావాస్క్రిప్ట్ లైబ్రరీ అని సర్దిచెప్పాను. ఫోన్ పెట్టేశాక కంగారు నాకు పట్టుకుంది.

గర్వంగా లేదని కాదురా. ఒక్క బటన్ కోసం క్రియేట్‌ఎలిమెంట్, సెట్‌అట్రిబ్యూట్, అపెండ్‌చైల్డ్ అంటూ నాలుగైదు లైన్లు రాసి విసిగినవాళ్లందరికీ ఇదే ఆలోచన వస్తుంది: ట్యాగ్ పేరు, అట్రిబ్యూట్లు, లోపలికి వెళ్లేవి ఇస్తే చాలు, ఎలిమెంట్ చేతికి రావాలని. నేనూ రాశాను, 2013లో రియాక్ట్ అనే పెద్ద లైబ్రరీ రాకముందు.

టెస్టులు రాయి. ఎలా వాడాలో చెప్పే రీడ్‌మీ రాయి. ఇవి నీకు తెలిసినవే.

నా భయం వేరు. నా లైబ్రరీలో లోపలికి స్ట్రింగ్, అంటే అక్షరాల వరస, వస్తే నేరుగా ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌లో పడేసేదాన్ని. అలా పడేస్తే అందులోని ట్యాగుల్ని బ్రౌజర్ నిజం ట్యాగులుగానే తీసుకుంటుంది. ఒక్క లైన్‌తో పనైపోయేది, ఎవరైనా బోల్డ్ ట్యాగ్ ఇస్తే అదీ ముద్దుగా కనిపించేది. అనుమానం రాలేదనుకోకు. స్క్రిప్ట్ ట్యాగ్ పెట్టి మరీ చూశాను. ఏమీ కాలేదు. హమ్మయ్య అనుకున్నాను. ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌తో పెట్టిన స్క్రిప్ట్‌ని బ్రౌజర్ నడపదు, నియమమే అది. వీధి తలుపుకి గడియ ఉందని పెరటి తలుపు చూడకుండా పడుకున్నాను.

కొన్నాళ్లకి ఒకాయన పేరు రాయాల్సిన గడిలో ఇమేజ్ ట్యాగ్ రాశాడు. లేని బొమ్మ అడ్రసు, పక్కనే ఆన్‌ఎర్రర్. బొమ్మ దొరకలేదు, ఎర్రర్ వచ్చింది, అందులో ఆయన రాసిన కోడ్ నడిచింది. ఆ పేజీ తెరిచిన ప్రతివాళ్ల బ్రౌజర్లోనూ, వాళ్ల లాగిన్‌తోనే! ఆ మనిషి మంచివాడు, "హలో" అని ఒక అలర్ట్ పెట్టి ఊరుకున్నాడు. నాకు మాత్రం ఆ రాత్రి కన్ను మూతపడలేదు. నా కోడ్ ఇంకా ఎవరెవరు తీసుకెళ్లి వాడుకుంటున్నారో నాకే తెలీదు.

దిద్దుదామంటే ఇంకో తలనొప్పి. ఆ బోల్డ్ ట్యాగ్ సుఖానికి అప్పటికే చాలామంది అలవాటుపడ్డారు. కొత్త వెర్షన్ వేసుకోగానే వాళ్ల పేజీల్లో ట్యాగులన్నీ అక్షరాలై బయటపడ్డాయి. తిట్లు తిన్నాను. మొదటి రోజే సరిగ్గా పెట్టి ఉంటే ఆ తిట్లుండవు.

అందుకని స్ట్రింగ్ వస్తే టెక్స్ట్ నోడే, అంటే ఉత్త అక్షరాలే, మారుమాట లేదు. అపెండ్ మెథడ్‌కి స్ట్రింగ్ ఇస్తే తనే టెక్స్ట్ నోడ్ చేసుకుంటుంది, నీకు అదనపు బరువు కూడా లేదు. హెచ్‌టీఎంఎలే కావాలని పట్టుబట్టేవాళ్లకి వేరే దారి పెట్టు, పేరు చదవగానే చెయ్యి వెనక్కి పోయేలా. రియాక్ట్‌లో దానికి "డేంజరస్లీ‌సెట్‌ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్" అని పేరు. మొదట చూసి నవ్వాను, ఇప్పుడైతే దణ్ణం పెడతాను. లింకుల అడ్రసు "జావాస్క్రిప్ట్:" అని మొదలైతే అదీ ఆపు, నొక్కితే నడిచేది కోడే.

ఎస్‌వీజీ అనే గీతల బొమ్మల ట్యాగులకి క్రియేట్‌ఎలిమెంట్‌ఎన్‌ఎస్ వాడు. లేకపోతే ట్యాగ్ పేజీలో ఉంటుంది, బొమ్మ కనపడదు. నేను పాపం పేజీ రంగూ రూపూ దిద్దే సీఎస్ఎస్‌ని తిడుతూ ఒక మధ్యాహ్నమంతా కూర్చున్నాను. సెట్‌అట్రిబ్యూట్‌తో డిసేబుల్డ్‌కి ఫాల్స్ ఇచ్చినా బటన్ పనిచెయ్యదు, ఆ అట్రిబ్యూట్ ఉందా లేదా అనేదే బ్రౌజర్‌కి లెక్క.

ఇంకోటి. "నా లైబ్రరీ మొత్తం ఒక్క కిలోబైటే" అని చెప్పుకు తిరుగుతున్నావట. రియాక్ట్ లాంటిదే చిన్న లైబ్రరీ ప్రీయాక్ట్, వాళ్లు 3 కిలోబైట్లని చెప్పుకుంటారు, అందులో ఎంత పని జరుగుతుందో ఒకసారి చూసి మాట్లాడు. అంకె కోసం చెక్‌లు పీకేశావో, చెవి మెలేస్తాను. నీ వయసులో నేనూ అలాగే మురిసిపోయానులే, నిన్నేం అనను.

ఎన్‌పీఎమ్‌లో అందరూ దింపుకునేలా పెట్టేముందు నాకు పంపు. కళ్లజోడు మార్చాను, ఇప్పుడు బాగానే కనిపిస్తోంది. మొట్టమొదట పేరు గడిలో ఏం రాసి చూస్తానో నీకు తెలుసుగా.

మీ పిన్ని